ఒకే గట్టి వేడా, చిన్న చిన్న అడ్డంకులా: ఆహారంలో బాక్టీరియాను ఆపడానికి ఏది మేలు?

గట్టి వేడితో ఒక్కసారే చంపడం ఒక పద్ధతి. కొంత పులుపు, కొంత ఉప్పు, కొంత వేడి కలిపి బాక్టీరియాను పెరగనివ్వకుండా ఆపడం రెండోది, అదే అడ్డంకుల పద్ధతి. రంగు, రుచి పాడవవు గనుక ఆహారం తయారుచేసే చిన్న యూనిట్లు రెండోదానికే మొగ్గుతాయి. అయితే చావకుండా దెబ్బ మాత్రమే తిన్న బాక్టీరియా తర్వాతి దెబ్బకు సిద్ధపడుతుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

పులుపును పీహెచ్‌తో కొలుస్తారు, అంకె తగ్గినకొద్దీ పులుపు ఎక్కువ. పీహెచ్ 5.8 దగ్గర కాసేపు పెరిగిన సాల్మొనెల్లా (ఆహారం ద్వారా జబ్బు తెచ్చే బాక్టీరియా), మామూలుగా తనను చంపే పీహెచ్ 3.3ను కూడా చాలావరకు తట్టుకుంటుంది. అలాంటిదే మరో బాక్టీరియా లిస్టీరియాను 48 డిగ్రీల దగ్గర కొంతసేపు ఉంచితే, వేడికి చెదిరిపోయే ప్రొటీన్లను కాపాడే వేరే ప్రొటీన్లను తయారుచేసుకుంటుంది. ఆ తర్వాత 60 డిగ్రీలకు తీసుకెళ్లినా త్వరగా చావదు. ఒక దెబ్బకు అలవాటుపడ్డది మరో రకం దెబ్బను కూడా ఓర్చుకోవచ్చు: పులుపుకు అలవాటుపడ్డ బాక్టీరియాకు వేడి అంత తేలిగ్గా తగలదు.

అందుకే గట్టి వేడి వాడగలిగిన చోట అదే మేలు, అదీ త్వరగా ఎక్కాలి. పాలకు 72 డిగ్రీల్లో 15 సెకన్లు చాలు. లిస్టీరియాకు పదార్థం నడిమధ్యన 70 డిగ్రీలు 2 నిమిషాలు నిలిస్తే పది లక్షల్లో ఒకటి మిగులుతుంది. పెద్ద డేగిసాలో చిక్కటి పదార్థం నెమ్మదిగా వేడెక్కితే, మధ్యలో ఉన్నవాటికి సిద్ధపడే వ్యవధి మనమే ఇచ్చినట్టు.

కానీ ప్రాణాంతక విషం తయారుచేసే బొటులినం బాక్టీరియా బీజాలను (వేడిని తట్టుకునే దాని నిద్రాణ రూపాలను) చంపాలంటే ప్రెషర్‌లో 121 డిగ్రీలు, సుమారు 3 నిమిషాలు కావాలి. అల్లం వెల్లుల్లి పేస్టు ఆ వేడికి ఉడికిపోయి ఘాటు కోల్పోతుంది. ఇక్కడ అడ్డంకులే గెలుస్తాయి, ఎందుకంటే పీహెచ్ 4.6 కన్నా తక్కువైతే ఆ బీజాలు మొలకెత్తి విషం తయారుచేయలేవు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో పులుపు కలపని, నూనెలో నిల్వచేసిన వెల్లుల్లి తిని చాలామంది ఆ విషం వల్ల వచ్చే బొటులిజం అనే జబ్బు పాలయ్యారు. నూనె గాలి తగలనివ్వదు, ఆ బాక్టీరియాకు కావలసిందీ అదే.

పేస్టుకు వరుస ముఖ్యం. మెత్తగా రుబ్బి, సిట్రిక్ యాసిడ్ ఒకేసారి కలిపి పీహెచ్ 4.2కు దించాలి. కొంచెం కొంచెంగా కలుపుతూ రాత్రంతా వదిలేయకూడదు. కలిపిన వెంటనే 85–90 డిగ్రీలకు వేడిచేసి, వేడిగానే సీసాల్లో నింపి మూత బిగించాలి. ముక్కలుంటే పులుపు లోపలికి దిగడానికి సమయం పడుతుంది గనుక మర్నాడు పీహెచ్‌ను మీటరుతో మళ్లీ చూడాలి, రంగు మారే పీహెచ్ కాగితంతో కాదు. ఉప్పు ఎక్కువ వేసి కాస్తే వేడి సమయం పెంచాలి: పదార్థంలో తనకు అందే నీరు తగ్గినకొద్దీ బాక్టీరియా వేడిని ఎక్కువ ఓర్చుకుంటుంది. కారప్పొడిలో చేరిన సాల్మొనెల్లాను పొడి వేడితో చంపడం కష్టం కావడానికీ కారణం ఇదే, అక్కడ ఆవిరి మేలు.

చల్లదనాన్ని చంపే దెబ్బగా లెక్కవేయకండి. లిస్టీరియా 4 డిగ్రీల్లోనూ పెరుగుతుంది. మైనస్ 18 డిగ్రీల్లో పెరుగుదల ఆగుతుందేగాని, గడ్డకట్టిన రొయ్యల్లో అది బతికే ఉంటుంది.

పరీక్ష దగ్గర కూడా రెండు పద్ధతుల మధ్య తేడా ఉంది. తేలికపాటి దెబ్బ తిన్న కణాలు పిత్త లవణాలు, ఉప్పు ఉన్న ప్లేటు (ల్యాబులో బాక్టీరియాను పెంచి చూసే పళ్లెం) మీద మొలవవు, కాబట్టి ఫలితం సున్నా వస్తుంది. తర్వాత ప్యాకెట్‌లో పరిస్థితి అనుకూలిస్తే అవే కోలుకుంటాయి. అడ్డంకుల పద్ధతి ఎంచుకున్నవారు సాల్మొనెల్లా పరీక్షకు 25 గ్రాముల నమూనాను ముందు దెబ్బ తిన్న కణాలు కోలుకునే పోషక ద్రవమైన బఫర్డ్ పెప్టోన్ నీటిలో 37 డిగ్రీల వద్ద సుమారు 18 గంటలు ఉంచి, తర్వాతే ప్లేటు మీదికి తెచ్చే ల్యాబును అడగాలి.