ఆరేళ్లుగా నొక్కుతున్న ఎక్స్ కీ

లీచెస్ అనే ఉచిత చెస్ సైటులో ఎనాలిసిస్ బోర్డు తెరిచి, ఎత్తులు లెక్కగట్టే ఇంజిన్ ఆన్ చేసి, కీబోర్డు మీద ఎక్స్ నొక్కితే ఒక ఎర్ర బాణం వస్తుంది. ఇప్పుడు ఎత్తు మనది కాక అవతలివాడిదే అయితే ఏం వేస్తాడో ఆ బాణం చూపిస్తుంది. ఆ ఇంజిన్, స్టాక్‌ఫిష్, ఎంత బలమైనదో, దాన్ని పైసా కట్టకుండా ఎలా వాడుకోవచ్చో చెస్ ఆడేవాళ్లందరికీ తెలుసు కాబట్టి ఆ జోలికి పోను. ఆరేళ్లలో నా టోర్నీ ఆటలు రెండొందల దాకా దానికి ఇచ్చి ఉంటాను. ఇంజిన్ మొత్తంలో నా ఆటని మార్చింది ఈ ఎర్ర బాణమే.

అంతకుముందు నేను చేసిందల్లా ఎవరిది ఎంత పైచేయో ఇంజిన్ చెప్పే అంకెలు చూడటం. రౌండ్ అవగానే స్కోర్‌షీట్ చూసి ఎత్తులు ఎక్కించడం, గ్రాఫు ఎక్కడ పడిందో వెతకడం, అక్కడ ఇంజిన్ చెప్పిన ఎత్తు చూసి "ఓహో" అనుకోవడం. మర్నాటికి ఆ "ఓహో" గుర్తుండేది కాదు. పైగా ఆ అంకె నా గురించి చెప్పేది కూడా కాదు. 2022 డిసెంబరులో వచ్చిన స్టాక్‌ఫిష్ 15.1 నుంచి +1.00 అంటే ఆ స్థితి నుంచి ఇంజిన్ తనతో తాను ఆడుకుంటే గెలిచే అవకాశం సగానికి సగం అని అర్థం. 1500 రేటింగ్ దగ్గర ఊగిసలాడే నేను, గడియారంలో నాలుగు నిమిషాలు పెట్టుకుని, ఎదురుగా ఒక పిల్లాడు కాళ్లూపుకుంటూ కూర్చుని ఉంటే, ఆ +1.00ని ఏం చేసుకోను?

ఎక్స్ కీ విలువ నాకు తెలిసింది లండన్ సిస్టమ్ అనే ఓపెనింగ్‌తో మొదలుపెట్టిన ఒక ఆటలో. నా బిషప్ ఎఫ్4లో ఉంది. ఇంజిన్ హెచ్3 వేయమంటోంది. మూల బంటుని ఒక గడి జరపడం నాకు దండగ ఎత్తులా కనిపించింది. ఆటలో నేను గుర్రం బయటికి తీశాను, అదే సబబనిపించింది. అలా ఎందుకంటోందో చూద్దామని ఎక్స్ నొక్కాను. ఎర్ర బాణం అతని ఎఫ్6 గుర్రం మీంచి హెచ్5కి వెళ్లింది. అక్కడికి వచ్చిన గుర్రం నా బిషప్ మీద దాడి చేస్తోంది. హెచ్3 వేసి ఉంటే నా బిషప్‌కి హెచ్2లో తలదాచుకునే చోటు దొరికేది. స్కోర్‌షీట్ చూస్తే సరిగ్గా అదే జరిగింది, కాకపోతే నాలుగు ఎత్తులు ఆలస్యంగా. నా బిషప్ పోయింది, నల్ల గళ్లన్నీ చిల్లులు పడ్డాయి, ఆట చేజారింది. అక్కడ తెలుసుకోవాల్సింది హెచ్3 మంచి ఎత్తని కాదు. నేను నా పథకంలో మునిగిపోయి అవతలివాడి గుర్రాన్ని చూడనేలేదు. ఇది గ్రాఫు ఎన్నిసార్లు చూసినా తెలిసేది కాదు.

అప్పటినుంచి నా పద్ధతి మారిపోయింది. ముందు నా ఆటకి నా చేత్తో నోట్సు రాస్తాను, ప్రతి ఐదారు ఎత్తులకి "అతను ఏం చేద్దామనుకుంటున్నాడు" అని. తర్వాతే ఇంజిన్. తెరిచాక కూడా మంచి ఎత్తు ఏదని కాక, ముందు ఎక్స్. నేను రాసిందీ బాణం చూపిందీ కలిసిన చోట టిక్కు పెడతాను. మొదట్లో పదింటికి మూడు కలిసేవి. ఇప్పుడు ఆరు దాకా కలుస్తున్నాయి. నా చుట్టుపక్కల చెస్ ఆడే ప్రతి ఒక్కరికీ ఈ కీ గురించి చెప్పాను, కొందరికి పక్కన కూర్చుని మరీ చూపించాను.

ఇక నెల్లూరు టోర్నీ సంగతి.

చివరి రౌండ్, ఎదురుగా పదకొండేళ్ల అబ్బాయి. మూడున్నర గంటలు గడిచాక బోర్డు మీద మిగిలినవి రెండు రాజులు, నాలుగు బంట్లు. నా రాజు జీ5లో అతని బంటుని తిన్నాడు, అతని రాజు సీ4లో నా బంటుని తిన్నాడు. ఇక నా ఈ4 బంటు, అతని ఈ5 బంటు ఒకదానికొకటి అడ్డంగా నిలబడి ఉన్నాయి. ఎత్తు నాది, గడియారంలో రెండు నిమిషాలు. నా రాజుని ఎఫ్5కి జరిపాను. దగ్గరి దారి, పైగా అతని బంటు మీద దాడి, నా బంటుకి కాపలా, రెండూ ఒకే ఎత్తులో. అబ్బాయి వెంటనే డీ4కి వచ్చాడు. ఇప్పుడు నా రాజు ఎటు కదిలినా ఈ4 బంటు పోతుంది, కదపకుండా ఉండే వీల్లేదు. ఇంకో పది ఎత్తులాడి చేయి కలిపాను.

లేచేటప్పుడు ఆ అబ్బాయి మెల్లగా అన్నాడు: "అంకుల్, ఎఫ్6కి వెళ్లుంటే నేను ఓడిపోయేవాణ్ణి." ఒక పక్క ఆర్బిటర్ నిశ్శబ్దంగా ఉండమంటున్నాడు, ఇంకో పక్క నా తల తిరుగుతోంది. సరే బాబూ అని సంతకం చేసి వచ్చేశాను.

రైల్లో ఒంగోలు దాటాక ఫోన్ తీశాను. అబ్బాయి డీ4కి వచ్చిన స్థితి పెట్టి ఇంజిన్ ఆన్ చేస్తే నేను ఓడిపోయానంటోంది. అలవాటు ప్రకారం అతని బెదిరింపు ఏమిటో చూద్దామని, ఫోన్లో ఎక్స్ బదులు ఉండే గురి గుర్తు నొక్కాను. అంకె తిరగబడింది! నేనే గెలుస్తున్నానంటోంది. ఎర్ర బాణం అతని రాజుని ఎటో దూరంగా చూపిస్తోంది. ఏదో తప్పు ఎక్కించానేమో అని స్థితి మొదటినుంచి మళ్లీ పెట్టాను. అదే జవాబు. చీరాల పోయింది, బాపట్ల పోయింది, ఫోన్ వేడెక్కి బ్యాటరీ సగానికి పడింది. ఈ కీని అంత నమ్మినవాణ్ణి, ఆ రాత్రి దాని మీద నాకు నిజంగా కోపం వచ్చింది.

తెనాలి దగ్గరపడుతుండగా వెలిగింది. రెండు జవాబులూ నిజమే. ఆ స్థితిలో అతనికి బెదిరింపంటూ ఏదీ లేదు. ఎత్తు ఎవరిదైతే వాళ్లు ఓడతారు. ఎత్తు వేయక తప్పకపోవడమే నష్టమయ్యే ఇలాంటి స్థితిని జుగ్‌జ్వాంగ్ అంటారు. ఇంత కచ్చితంగా ఇద్దరికీ వర్తించే ఈ రకానికి ట్రెబుషే అని పేరు. నా రాజు ముందు ఎఫ్6కి వెళ్తే, బంటుని కాపాడుకోవడానికి అతను డీ4కి రాక తప్పదు, అప్పుడు నేను ఎఫ్5కి వస్తే అదే బొమ్మ, కానీ ఎత్తు అతనిది. అబ్బాయి చెప్పింది ఇదే. ఎక్స్ కీ చేసేదల్లా నా ఎత్తుని దాటవేసి అతనికి ఇవ్వడం. ఎత్తు వేయక తప్పకపోవడమే ప్రమాదమైన చోట, దాటవేయగానే ప్రమాదమే మాయమైపోతుంది.

తర్వాత చదివి తెలుసుకున్నదేమిటంటే, స్టాక్‌ఫిష్ కూడా లోపల వెతికేటప్పుడు ఇదే కిటుకు వాడుతుంది. నేను ఒక ఎత్తు వదిలేసినా నా పరిస్థితి బాగానే ఉంటే ఆ కొమ్మ మీద ఎక్కువసేపు వెతకక్కర్లేదు అన్న లెక్క. దీన్ని నల్ మూవ్ అంటారు. ఎత్తు వేయాల్సిన పక్షానికి రాజు, బంట్లు తప్ప ఇంకేమీ లేకపోతే మాత్రం ఈ కిటుకుని పక్కన పెడుతుంది, జుగ్‌జ్వాంగ్ భయంతోనే. ఇంజిన్ రాసినవాళ్లు తీసుకున్న జాగ్రత్త నేను తీసుకోలేదు. సైటుని తప్పు పట్టడానికి ఏమీ లేదు.

కాబట్టి ముందు అన్న మాటని కాస్త సవరించుకోవాలి. మిడిల్ గేమ్‌లో ఎక్స్ కీని ఇప్పటికీ అంతే నమ్ముతాను. బంట్ల ముగింపులో ముట్టుకోను. అక్కడ ఏడు లోపు పావులు మిగిలితే అలాంటి స్థితుల ఫలితాలన్నీ ముందే లెక్కగట్టి పెట్టిన టేబుల్‌బేస్ తెరిచి, నాకున్న ప్రతి ఎత్తు పక్కన గెలుపో డ్రానో ఓటమో చూసుకుంటాను. ఎఫ్6 పక్కన గెలుపు, ఎఫ్5 పక్కన ఓటమి అని చూసినప్పుడు కలిగిన బాధ ఏ అంకె చూసినా కలగలేదు. చెక్‌లో ఉన్నప్పుడు ఎక్స్ ఎలాగూ పనిచేయదు. ఇక పదింటికి ఆరు అన్నానే, ఆ ఆరులో సగం నేను మళ్లీ మళ్లీ ఆడే లండన్ స్థితులే.

నేను ఉద్యోగం చేసుకుంటూ ఏడాదికి నాలుగైదు టోర్నీలు ఆడేవాణ్ణి, కోచ్ లేడు, ఆట చూసుకునేది రాత్రి పదింటి తర్వాతే. అలాంటివాళ్లకి ఈ కీ అలవాటు చేసుకోమని గట్టిగానే చెబుతాను. అకాడమీలో రోజూ మూడు గంటలు కూర్చునే పిల్లలకి ఇది అవసరమో కాదో చెప్పలేను. నెల్లూరు అబ్బాయికైతే అవసరం ఉన్నట్టు కనిపించలేదు.