ఎంపింగో ఏనుగా, వేప ఏనుగా?

కెన్యాలో కాంబా తెగ శిల్పులు చెక్కే జంతువుల బొమ్మల్లో పాత పేరు ఎంపింగో అనే ఆఫ్రికా చెట్టు చెక్కదే. చేవ నల్లగా, నీళ్లలో మునిగేంత బరువుగా ఉంటుంది. సన్నని దంతాలు, తొండం కొస కూడా నునుపు తేలతాయి. కానీ చెట్టు చేతికి రావడానికి దాదాపు 70 ఏళ్లు. అందుకే మొంబాసా వైపు వేప కూడా చెక్కుతున్నారు. అవును, మన వేపే! తేలిక, ఉలికి లొంగుతుంది, చెదలు పట్టడం తక్కువ. పచ్చి చెక్క వాడితే మాత్రం ఆరేటప్పుడు బీటలిస్తుంది. పాదాల అడుగు చూసి కొనండి.

బూట్ పాలిష్ పూసిన తేలిక చెక్కను ఎంపింగో అని అంటగడతారు. ముందు చేత్తో బరువు చూడండి, తర్వాత అడుగున గోటితో గీకండి. అంచున పసుపు చార ఉంటే కంగారొద్దు, అది బెరడు కింది లేత చెక్క. అరచేతి బొమ్మకైతే ఎంపింగో, మూరెడు బొమ్మకు వేపే నయం.