మా ఇంటి మట్టి దాకలు: ఐదేళ్లు వండాక

ఐదేళ్ల క్రితం విశాఖలో కంచరపాలెం వైపు రోడ్డు పక్కన కుండలు పరుచుకుని కూర్చున్న ఒకావిడ దగ్గర 250 రూపాయలకు దాక కొన్నాను. డబ్బులివ్వబోతుంటే ఆగమంది. దాకను ఎడమ అరచేతిలో పెట్టుకుని, కుడిచేతి వేలి కణుపుతో చుట్టూ కొట్టి చూసింది. మూడు చోట్ల ఖంగుమంది, నాలుగో చోట మూగగా పలికింది. "ఇది వద్దమ్మా, లోపల బీటుంది" అని పక్కన పెట్టేసి ఇంకోటి ఇచ్చింది. ఆ రెండోదే ఇవాళ్టికీ మా ఇంట్లో పులుసు దాక.

ఆ నెలలోనే ఆన్‌లైన్‌లో మూతతో సహా నున్నగా మెరిసే నల్ల దాక ఒకటి తెప్పించాను. గంజి పోసి మరిగిస్తే ఆ నలుపంతా గంజిలోకి దిగింది. అది పైపూత. పిల్లలు తినే వంట అందులో చేయడానికి మనసొప్పలేదు, మొక్క పెట్టేశాను. దాకను చేత్తో పట్టుకుని, కొట్టి చూసి కొనుక్కోండి.

కొత్త దాకను రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి. ముంచగానే సన్నటి బుడగలు చాలాసేపు పైకి వస్తూనే ఉంటాయి, మట్టి రంధ్రాల్లో ఉన్న గాలి అది. మర్నాడు గంజి పోసి సన్నసెగ మీద అరగంట మరిగించి, దానంతట అదే చల్లారేదాకా వదిలేయాలి. నేను ఇలా మూడు రోజులు చేస్తాను. గంజిలోని పిండి ఆ రంధ్రాలను పూడుస్తుంది. లేకపోతే మొదటి కూర నూనె దాకే తాగేస్తుంది.

ఇక రాత్రి వంట. ఆఫీసు నుంచి ఏడున్నరకు వచ్చి ఎనిమిదిన్నరకు అన్నం పెట్టాలంటే నాకు చేపల పులుసుకు మించింది లేదు. బయటి ఊళ్లవాళ్లు వంజరం అనేది మాకు కోనాం. అరకిలో ముక్కలకు ఉప్పు, పసుపు, రెండు చెంచాల కారం పట్టించి పెడతాను. దాకలో నాలుగు చెంచాల నువ్వుల నూనె, కాసిని మెంతులు, రెండు ఉల్లిపాయల ముద్ద, చీల్చిన పచ్చిమిర్చి. ఉల్లి ముద్ద పచ్చివాసన పోయి నూనె అంచులకు చేరాక నిమ్మకాయంత చింతపండు రసం పోస్తాను. అది తెర్లినప్పుడు ముక్కలు వేసి ఎనిమిది నిమిషాలు. గరిట పెట్టకూడదు. గుడ్డతో రెండు వైపులా పట్టుకుని దాకనే గుండ్రంగా తిప్పాలి.

అసలు సంగతి స్టవ్ కట్టేశాక ఉంటుంది. స్టీలు గిన్నెలో అయితే మంట ఆపగానే ఉడుకు ఆగిపోతుంది. దాకలో మాత్రం పులుసు ఇంకా నాలుగైదు నిమిషాలు మధ్యలో కుతకుతమంటూనే ఉంటుంది. నూనె పైకి తేలేది కూడా అప్పుడే. ఇది తెలియక మొదట్లో ముక్క పూర్తిగా ఉడికాక ఆపేదాన్ని, అన్నంలోకి వచ్చేసరికి విరిగిపోయేది. ఇప్పుడు ముక్క ఇంకాస్త ఉడకాలి అనిపించినప్పుడే కట్టేస్తున్నాను. ఆ మిగతా ఐదు నిమిషాల్లో నేను స్నానం చేసి వస్తాను. ఇంకో లాభం, అల్యూమినియం గిన్నెలో చింతపండు పులుపుకు లోహం కరిగి అదో రుచి వస్తుంది. మట్టికి ఆ బాధ లేదు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరబోట్లు వేటకు వెళ్లవు. ఆ రోజుల్లో ఇదే దాకలో ఎండు నెత్తళ్లు, వంకాయ. నెత్తళ్లను ముందు నూనె లేకుండా వేయించి, తలలు తుంచి, గోరువెచ్చని నీళ్లలో రెండుసార్లు కడిగితే ఇసుకంతా పోతుంది.

తీపికి వేరే దాక ఉండాలి. మట్టి పాత్రకు అందులో వండినదాని వాసన పట్టేస్తుంది. పులుసు దాకను ఎంత తోమినా అందులో కాచిన పాలు చేప వాసన వచ్చాయి, లీటరు పాలు పారబోశాను. చిన్న దాక ఒకటి పెరుగుకే ఉంచాను. అందులో తోడుపెడితే నీరు మట్టిలోకి ఇంకి పెరుగు కోసినట్టు గట్టిగా వస్తుంది. సింహాచలం అనాసపళ్లు వచ్చే కాలంలో మా ఇంటి స్వీటు ఈ పెరుగుతోనే. అనాస ముక్కల్ని అనకాపల్లి బెల్లంతో పది నిమిషాలు ఉడికించి, పూర్తిగా చల్లారాక పెరుగులో కలిపి, యాలకుల పొడి. ఉడికించడం మాత్రం మానకండి. పచ్చి అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైము ఉంటుంది, అది పాలలోని ప్రొటీన్లను విరగ్గొడుతుంది. ఒకసారి చుట్టాలొస్తున్నారన్న తొందరలో పచ్చివే కలిపాను. గంటకల్లా పెరుగు నీరై చేదెక్కింది. వేడికి ఆ ఎంజైము చచ్చిపోతుంది.

మట్టి కూజా విషయంలో మాత్రం నా అంచనా తప్పింది. కూజా చల్లబరిచేది పైకి చెమ్మగిల్లిన నీరు ఆవిరి కావడం వల్ల. మన విశాఖ గాలిలో ఎప్పుడూ తేమే కాబట్టి ఆవిరి నెమ్మదిగా అవుతుంది, నీళ్లు ఫ్రిజ్‌లోలా చల్లబడవు. రాత్రి కిటికీ దగ్గర, గాలి తగిలేచోట పెడితే కాస్త నయం. అయినా పానకానికి నాకు కూజానే ఇష్టం. లీటరు నీళ్లకు 150 గ్రాముల బెల్లం, రెండు నిమ్మకాయలు, దంచిన అల్లం, మిరియాలు. గ్లాసులో సగం పానకం, సగం గోలీసోడా, నాలుగు పుదీనా ఆకులు. ఆకును అరచేతిలో ఒక్కసారి చరిచి వేస్తే చాలు, నలిపితే చేదు దిగుతుంది. శనివారం మా వారి స్నేహితులు వచ్చినప్పుడు కావాలన్నవాళ్లు తమ గ్లాసులో 45 మిల్లీలీటర్ల తెల్ల రమ్ము కలుపుకుంటారు. రమ్మూ చెరకు నుంచి వచ్చేదే, బెల్లంతో బాగా కలిసిపోతుంది. కూజాలో మాత్రం ఎవ్వర్నీ పోయనివ్వను.

ఈ ఐదేళ్లలో పగిలింది ఒక్కటే. మరుగుతున్న పప్పు దాకను తడిగా ఉన్న గ్రానైట్ మీద దించాను. టప్‌మని శబ్దం, అడుగున జుట్టంత గీత, చూస్తుండగానే పప్పు గట్టు మీదకి పారింది. అప్పట్నుంచి కొబ్బరి పీచు చుట్ట మీదే దించుతున్నాను. సబ్బు పెట్టను, అదీ మట్టిలోకి ఇంకుతుంది. శనగపిండి, పీచు, వేడినీళ్లు. తోమాక ఎండలో బాగా ఆరాలి, వానాకాలంలో తడి మీద లోపల పెట్టేస్తే బూజు పడుతుంది.

ఇండక్షన్ స్టవ్ మాత్రమే ఉన్నవాళ్లు కొనకండి, దాని మీద మట్టి వేడెక్కదు. గ్యాస్ ఉన్నవాళ్లు అడుగు చదునుగా ఉన్నది చూసి రెండు తీసుకోండి, ఒకటి పులుసుకు, ఒకటి పెరుగుకు.