మొదటి ఉపనిషత్తుగా ఏది మేలు: ఈశమా, కఠమా, తైత్తిరీయమా?

గీత ఒకసారి పూర్తయ్యాక ఉపనిషత్తుల్లో దేనితో మొదలుపెట్టాలని అడిగేవాళ్లలో చాలామంది చేతిలో అప్పటికే ఈశావాస్యం ఉంటుంది. "ఈశ కేన కఠ ప్రశ్న" శ్లోకంలో దాని పేరే ముందుంది, పైగా 18 మంత్రాలే. ఆ శ్లోకం పది పేర్లు వల్లెవేసుకోవడానికి పనికొస్తుంది గానీ, చదవాల్సిన వరుసేమీ చెప్పదు.

చిన్నదే కదా అని దిగితే రెండో మంత్రం దగ్గరే చిక్కు. మొదటిది త్యాగం చెబుతుంది, రెండోది కర్మలు చేస్తూనే నూరేళ్లు బతకాలనుకోమంటుంది. ఇవి వేర్వేరు అర్హతలున్న ఇద్దరు సాధకులకు చెప్పినవని శంకరులు విడదీశారు. అది తెలియకపోతే రెండూ పొసగవు. తొమ్మిదో మంత్రం ఇంకా గట్టిది: అవిద్యను ఉపాసించేవాళ్లు చీకట్లో పడతారు, విద్యలో మునిగినవాళ్లు అంతకన్నా పెద్ద చీకట్లో! ఇక్కడ విద్య అంటే శంకరుల భాష్యంలో (వ్యాఖ్యానంలో) దేవతోపాసన. దాన్ని ఆత్మజ్ఞానం అనుకుని చదివితే అర్థం తలకిందులవుతుంది.

కాబట్టి నిడివి చూసి లాభం లేదు. మన తరఫున అడిగేవాడు గ్రంథం లోపల ఉన్నాడా లేడా అన్నది చూడాలి. ఈశంలో లేడు. కఠంలో నచికేతుడున్నాడు. ఇక నీళ్లు తాగలేని, గడ్డి మేయలేని, పాలు వట్టిపోయిన ఆవుల్ని తండ్రి దానమిస్తుంటే చూసి "నన్నెవరికిస్తావు?" అని మూడుసార్లు అడిగిన పిల్లవాడు. తండ్రి యముడికిస్తానంటే అక్కడికే వెళ్తాడు, మూడో వరంగా చనిపోయాక మనిషి ఉంటాడా లేడా చెప్పమంటాడు. దానికి బదులు యముడు ఏనుగులు, గుర్రాలు, బంగారం ఇస్తానన్నా ప్రశ్న వదలడు. మనకొచ్చే సందేహం ముందే అతనికి వస్తుంది, జవాబూ అక్కడే దొరుకుతుంది.

గీత చదివినవాళ్లకు ఇంకో సాయం ఉంది. కఠం 1.2.18లో "న జాయతే మ్రియతే వా విపశ్చిత్" కనిపించగానే గీత 2.20 పక్కన పెట్టి చూడండి. అక్కడ "విపశ్చిత్" చోట "కదాచిత్" ఉంటుంది. తర్వాతి మంత్రం రెండో సగమైతే గీత 2.19లో అక్షరాలా అదే. రథం పోలిక 1.3.3 నుంచి: బుద్ధి సారథి, మనస్సు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు.

కఠం మొత్తం 119 మంత్రాలు, రెండు అధ్యాయాలు, ఒక్కోదానిలో మూడు వల్లులు (భాగాలు). మొదటి అధ్యాయం 71 మంత్రాలు చదివి ఆగండి. అక్కడే ఫలశ్రుతి కూడా వచ్చేస్తుంది, మొదటి విడతకు అది చాలు. రెండో అధ్యాయంలో కథ నడక ఉండదు, మంత్రాలు విడివిడిగా సాగుతాయి; ఆపకుండా లాగితే మధ్యలో విసుగొస్తుంది. ప్రతిపదార్థం ఉన్న ప్రతి తీసుకోండి. తాత్పర్యం మాత్రమే ఉన్నదాంట్లో పైన చెప్పిన పోలికలు కనబడవు.

తైత్తిరీయానికీ ఒక బలముంది. తెలుగునాట ఎక్కువగా వినిపించేది ఇది చేరిన కృష్ణయజుర్వేదమే, "మాతృదేవో భవ", "సత్యం వద" చెవులకు కొత్త కావు. కానీ మొదటిదైన శీక్షావల్లి వర్ణం, స్వరం, మాత్ర, బలం అంటూ ఉచ్చారణ శాస్త్రంతో మొదలవుతుంది, చాలామంది అక్కడే పుస్తకం మూసేస్తారు. చివరి భృగువల్లి ముందు చదవండి. కొడుకు భృగువు బ్రహ్మం గురించి అడుగుతాడు, తండ్రి వరుణుడు "తపస్సు చేసి తెలుసుకో" అంటాడు. అన్నం, ప్రాణం, మనస్సు, విజ్ఞానం ఒక్కొక్కటే బ్రహ్మమనుకుని, వాటిని దాటి భృగువు ఆనందం దగ్గర ఆగుతాడు. పది అనువాకాలే (చిన్న భాగాలే). ఆ తర్వాత మధ్యలో ఉన్న ఆనందవల్లి సులువుగా అందుతుంది. సస్వరంగా (వేదస్వరాలతో) నేర్చుకోవాలనుకునేవాళ్లకు మాత్రం గురువు దగ్గర తైత్తిరీయమే ముందు.

మాండూక్యం 12 మంత్రాలే అయినా దానికి గౌడపాదులు రాసిన వివరణ శ్లోకాలు, గౌడపాద కారిక, లేకుండా ముట్టుకోకండి. కేనంలో యక్షుడి కథ బాగుంటుంది, కఠం తర్వాత చూడొచ్చు. ఛాందోగ్యంలో ఆరో అధ్యాయం, ఉద్దాలకుడూ శ్వేతకేతువూ, విడిగా చదువుకోవచ్చు. బృహదారణ్యకం ఇప్పుడే వద్దు.