విజయనగరంలో సెకండ్ హ్యాండ్ రౌటర్ కొనేవాళ్లు ముందు ఇది చదవండి

మన ఊళ్లో నెట్ సెంటర్లకి పాత మైక్రోటిక్ కంపెనీ రౌటర్లు అమ్మే ఆయన ఎవరో మీలో చాలామందికి తెలుసు, పేరు రాయను. గంటస్తంభం దగ్గర మా సెంటర్‌కి ఆయనే వచ్చి బిగించాడు. "మొత్తం రీసెట్ చేసి లేటెస్ట్ వెర్షన్ వేశాను, పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంటుంది, మీకు టెన్షన్ వద్దు" అన్నాడు. 4,800 రూపాయలు తీసుకున్నాడు.

నిన్న పరీక్ష ఫీజుకి ఆఖరి రోజు. పిల్లలు లైన్లో ఉండగా నెట్ ఆగిపోయింది. మీ లైన్ నుంచి బయటి సర్వర్ల మీదకి దాడి ట్రాఫిక్ పోతోంది, అందుకే ఆపాం అన్నారు కనెక్షన్ వాళ్లు. గట్టిగా అడిగితే రౌటర్ అమ్మినాయన పాస్‌వర్డ్ చెప్పాడు. తెరిచి చూస్తే రౌటర్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ 6.38.5! ఎవరిదో పాత యూజర్ అకౌంట్ అలాగే ఉంది. బయటివాళ్లు తమ ట్రాఫిక్‌ని మన లైన్ గుండా పంపుకునే సాక్స్ ప్రాక్సీ ఆన్‌లో ఉంది. టైమ్ ప్రకారం పనులు దానంతటదే నడిపే షెడ్యూలర్‌లో ఎక్కడినుంచో ఫైల్ దించుకునే స్క్రిప్ట్ ఉంది.

ఈ వెర్షన్‌లో విన్‌బాక్స్ (రౌటర్ సెట్టింగ్‌లు మార్చే ప్రోగ్రామ్) లోపం ఉందని 2018 నుంచీ లోకానికి తెలుసు. విన్‌బాక్స్ వాడే 8291 పోర్టు ఇంటర్నెట్ వైపు తెరిచి ఉంటే చాలు, హ్యాకర్లు లాగిన్ కాకుండానే యూజర్ల ఫైల్ చదివి పాస్‌వర్డ్‌లు లాగేస్తారు. కంపెనీ ఆ ఏప్రిల్‌లోనే 6.42.1తో సరిచేసింది, అదీ ఉచితంగా. ఈయన ఆ పది నిమిషాల పని కూడా చెయ్యలేదు.

పెట్టె పట్టుకుని షాపుకి వెళ్లాను. నలుగురు కస్టమర్ల ముందు ఏమన్నాడో తెలుసా? "నెట్ వస్తంది కదా, వెర్షన్‌తో నీకేటి పని? నేను మెషీన్ అమ్మాను, సెక్యూరిటీ అమ్మలేదు." లేటెస్ట్ వేశానన్నారు కదా అంటే ముఖం తిప్పుకుని పక్కవాడికి కేబుల్ కొలిచి ఇస్తున్నాడు. డబ్బు మాట ఎత్తగానే "బేరం లేదు, ఎల్లు ఎల్లు" అని చెయ్యి ఊపాడు. నా దగ్గర పిల్లలు ఆధార్ నంబర్లు కొడతారు, వాళ్ల నాన్నల బ్యాంకు పాస్‌వర్డ్‌లు కొడతారు. అదంతా ఆ రౌటర్ గుండానే పోయింది. అది చెప్పినా ఆ మనిషి తల ఎత్తలేదు. నా కోపమంతా అందుకే.

ఆయన దగ్గర కొన్నవాళ్లు ఈరోజే పాస్‌వర్డ్ అడిగి తీసుకోండి. అప్‌డేట్ ఒక్కటే చేస్తే సరిపోదు. దొంగ పెట్టిన స్క్రిప్ట్, దొరికిపోయిన పాస్‌వర్డ్ అలాగే ఉండిపోతాయి. 2021లో మెరిస్ బాట్‌నెట్‌కి (హ్యాకర్లు దాడులకి వాడుకునే పరికరాల గుంపు) దొరికినవి చాలావరకు 2018లో చిక్కిన రౌటర్లేనని కంపెనీయే చెప్పింది. మైక్రోటిక్ వాళ్ల నెట్‌ఇన్‌స్టాల్ ప్రోగ్రామ్‌తో రౌటర్ సాఫ్ట్‌వేర్ మొత్తం కొత్తగా వేసి, పాస్‌వర్డ్ మార్చి, 8291ని బయటి నుంచి మూసేయండి. ఎవరి డబ్బైనా పోయుంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యమనండి.