జైరోట్రాన్‌కి ట్యూనింగ్ మేలా, అద్దం తిప్పుకుంటే చాలా?

ఈసీఐఎల్ చౌరస్తాలో వన్ బై టూ చాయ్ తాగుతుంటే ఎమ్మెస్సీ చదివే మా తమ్ముడు అడిగాడు, "అన్నా, రేడియోకి మీట తిప్పితే స్టేషన్ మారుతుంది కదా, ఫ్యూజన్ వాళ్ల జైరోట్రాన్‌కి అలాంటి మీట ఎందుకు పెట్టరు?" జైరోట్రాన్ అంటే ఫ్యూజన్ యంత్రంలోని ప్లాస్మాని, అంటే ఎలక్ట్రాన్లు విడిపోయేంత వేడి వాయువుని, ఇంకా వేడెక్కించే మైక్రోవేవ్ పుట్టించే ట్యూబ్. మీట పెట్టారు, కాకపోతే ఆ మీట తిప్పడం మహా కష్టం.

అసలు మార్చడం ఎందుకంటే, టోకమాక్‌లో (ప్లాస్మాని అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచే గారె ఆకారపు ఫ్యూజన్ యంత్రం) ఎలక్ట్రాన్లు ఒక్కో టెస్లా క్షేత్రానికి సుమారు 28 గిగాహెర్ట్జ్ లెక్కన, లేదా దానికి రెట్టింపు దగ్గర మైక్రోవేవ్‌ని పీల్చుకుంటాయి. క్షేత్రం లోపలివైపు, అంటే గారె చిల్లు వైపు, ఎక్కువ, బయటికొచ్చేకొద్దీ తక్కువ. కాబట్టి ఫ్రీక్వెన్సీ మారితే వేడి తగిలే చోటు మారుతుంది.

ఫ్రాన్స్‌లో కడుతున్న అంతర్జాతీయ టోకమాక్ ఐటర్‌ది మొదటి దారి. 170 గిగాహెర్ట్జ్ దగ్గర ఫిక్స్, ట్యూబుకి 1 మెగావాట్, అంటే ఇంట్లో వాడే మైక్రోవేవ్ ఓవెన్లు వెయ్యికి పైమాటే. చోటు మార్చాలంటే మైక్రోవేవ్‌ని ప్లాస్మాలోకి మళ్లించే అద్దం తిప్పుతారు. ట్యూబ్ తేలిక, కానీ కదిలే భాగం ప్లాస్మా దగ్గరుంటుంది, అదే నాకు టెన్షన్. పైగా యంత్రం క్షేత్రాన్నే బాగా తగ్గిస్తే అద్దం చేసేదేం లేదు.

రెండోది జర్మనీలోని యాస్‌డెక్స్ అప్‌గ్రేడ్ అనే టోకమాక్‌ది: ఒకే ట్యూబ్ 105, 140 గిగాహెర్ట్జ్ రెండూ ఇస్తుంది. 2.5 టెస్లాకి 140, 1.9 దగ్గరికి దిగితే 105. ఇక్కడ నాకు నచ్చింది కిటికీ. ట్యూబులోంచి మైక్రోవేవ్ బయటికొచ్చేది వజ్రపు బిళ్ల గుండా, మన చాయ్ సాసర్ అంత వెడల్పు, 1.8 మిల్లీమీటర్ల మందం. ఆ మందంలో 140 గిగాహెర్ట్జ్‌వి అర తరంగాలు నాలుగు, 105వి మూడు సరిగ్గా పడతాయి, అందుకే రెండూ వెనక్కి కొట్టకుండా దాటిపోతాయి. మధ్యలో 120 కావాలంటే అదే బిళ్ల అడ్డం పడుతుంది. దాన్ని ఏటవాలుగా బ్రూస్టర్ కోణంలో, అంటే తరంగం దాదాపు వెనక్కి కొట్టని కోణంలో, పెడితే ఆ గొడవ తగ్గుతుంది, కానీ ఇంకా పెద్ద వజ్రం కావాలి, ఖర్చు మీరే ఊహించుకోండి. ఫ్రీక్వెన్సీ మార్చాలంటే ట్యూబ్ సూపర్‌కండక్టింగ్ మాగ్నెట్ క్షేత్రం మార్చాలి, దానికి నిమిషాలు పడుతుంది, అక్కడ ఒక ప్లాస్మా షాట్, అంటే ఒక విడత ప్రయోగం, మాత్రం పది సెకన్లే. అంటే షాట్‌కీ షాట్‌కీ మధ్య మార్చుకోవాలి, మధ్యలో కుదరదు.

మూడోది ఫ్రీ ఎలక్ట్రాన్ లేజర్, అంటే యాక్సిలరేటర్‌తో పరుగెత్తించిన ఎలక్ట్రాన్ల నుంచి తరంగాలు పుట్టించే యంత్రం, వోల్టేజి మారిస్తే చాలు, రేడియో మీటలాగే. నెదర్లాండ్స్‌లో 1990లలో 200 గిగాహెర్ట్జ్ దగ్గర 730 కిలోవాట్లు తీశారు, అయితే మైక్రోసెకన్ల పాటే. మెగావోల్టుల యాక్సిలరేటర్ పక్కన పెట్టుకుని పనిచేయడం నా వల్ల కాదు.

ప్రయోగాల యంత్రమైతే నా ఓటు రెండోదానికే. కరెంటు అమ్మే ప్లాంటులో క్షేత్రం రోజూ ఒకటే కదా, అక్కడ రెండో ఫ్రీక్వెన్సీకి డబ్బు పెట్టమంటే నేనైతే పెట్టను.