వంటింటి గోడ మీది పంచాంగ క్యాలెండర్: ఏడాది వాడకం తరువాత

పన్నెండు కాగితాలు, పైన ఒక తగరపు పట్టీ, మేకుకు తగిలించడానికి ఒక కంత, వెల 45 రూపాయలు. 2025 జనవరి నుంచి డిసెంబరు దాకా మా వంటింటి గోడకు వేలాడిన తెలుగు పంచాంగ క్యాలెండర్‌కు సమీక్ష రాస్తానంటే ఇంట్లో అందరూ నవ్వారు. మనశ్శాంతి కోసం, దినచర్యలో ఒక తూకం కోసం అంటూ చందా కట్టించుకునే ఫోన్ యాప్‌లు రెండింటిని అంతకుముందు వాడి మానేసినవాణ్ణి కనుక, అదే పనిని ఈ కాగితాలు ఎంతవరకు చేశాయో చెప్పాలనిపించింది. లోపాలు కూడా చెప్పబోతున్నాను కాబట్టి ముద్రించిన సంస్థ పేరు రాయడం లేదు. పైగా ఈ తరహా క్యాలెండర్లన్నీ ఇంచుమించు ఒకే పోకడలో ఉంటాయి.

ఒక్కో తేదీకి దక్కిన గడి అరచేతిలో సగం కూడా ఉండదు. అందులో పెద్ద అంకె, దాని కింద తిథి, నక్షత్రం, అవి ముగిసే వేళలు, వర్జ్యం, దుర్ముహూర్తం ఉంటాయి. మిగిలిన తెల్లజాగా మా అమ్మది. పాలవాడు నాగా పెట్టిన రోజున సున్నా చుడుతుంది, గ్యాస్ బండ మార్చిన రోజున ‘బం’ అని రాస్తుంది, చీటీ కట్టవలసిన తేదీ కింద రెండు గీతలు గీస్తుంది. జూలై 6 గడిలో తొలి ఏకాదశి అని ఎర్రటి అక్షరాల్లో అచ్చయి ఉంటే, దాని పక్కనే పెన్సిలుతో ‘పాలు అర లీటరు ఎక్కువ’ అని ఉంది. ఉపవాసమూ పాల లెక్కా ఒకే గడిలో ఒదిగిపోవడం చూశాకనే ఈ వస్తువు మీద నాకు గౌరవం పెరిగింది. యాప్‌లో ధ్యానానికి ఒక తెర, ఖర్చులకు మరొక తెర ఉండేవి. ఒకటి తెరిస్తే రెండవది కనబడేది కాదు.

పంచాంగం అంటే తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అని చిన్నప్పుడు వల్లించినా, తిథి అంటే ఏమిటో నేను అర్థం చేసుకున్నది ఈ ఏడాదే. చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు ముందుకు జరగడానికి పట్టే కాలం ఒక తిథి. చంద్రుడి వేగం ఒకే తీరుగా ఉండదు కనుక అది దాదాపు 19 గంటల్లో ముగియవచ్చు, 26 గంటలకు పైగా సాగనూవచ్చు. అందుకే తేదీ అర్ధరాత్రి మారినట్టు తిథి మారదు. ఉదయం కాఫీ వేళకో, ఆఫీసులో మీటింగు మధ్యలోనో మారిపోతుంది. మేము పెట్టుకున్న నియమం చిన్నది: ఏకాదశి నాడు రాత్రి పళ్లతో సరిపెట్టుకోవడం, ఫోన్లు ముందు గదిలోనే వదిలేయడం. ఏడాదిలో వచ్చిన ఏకాదశుల్లో సగానికి పైగా నిలబెట్టుకున్నాం, మిగిలినవి పెళ్లి భోజనాల్లో, ప్రయాణాల్లో కొట్టుకుపోయాయి.

అన్నిటికన్నా గుర్తుండిపోయింది నవంబరు 5, కార్తీక పౌర్ణమి. పౌర్ణమి సాయంత్రం ఏడు గంటలకు పది నిమిషాల ముందు ముగుస్తుందని గడిలో ఉంది. అమ్మ 365 వత్తుల కట్టను నేతిలో తడిపి మేడ మీదికి తెచ్చేసరికి, పక్కింటి నీళ్ల ట్యాంకు వెనకనుంచి చంద్రుడు పైకి వస్తున్నాడు. వత్తులు అంటుకున్నాక వచ్చిన నేతి పొగ కళ్లకు మండుతున్నా, గోడ మీద చదివిన అంకెకూ ఆకాశంలో కనిపిస్తున్న గుండ్రానికీ మధ్య ఉన్న లంకె ఆ క్షణంలో చేతికి తగిలినంత స్పష్టంగా తెలిసింది.

ముందురోజు రాత్రి న్యూజెర్సీ నుంచి అక్క ఫోన్ చేసి, “ఏరా, ఇక్కడ పౌర్ణమి ఈ రాత్రికేనట, మీ క్యాలెండర్ చూసుకుని కూర్చుంటే దీపాలు పెట్టకుండానే దాటిపోయేది,” అంది. ఆమె మాట నిజమే. తిథి ముగిసే క్షణం లోకమంతటికీ ఒకటే అయినా, మన సాయంత్రం అక్కడ ఉదయం. మన సమయాలతో అచ్చయిన కాగితాన్ని అమెరికాలో గోడకు పెట్టుకునేవారికి నేను దీనిని సిఫారసు చేయను. వారికి తమ ఊరి లెక్కతో వేసిన పంచాంగమే కావాలి.

లోపాలకు వస్తే, సూర్యోదయం ఏ ఊరికి లెక్కగట్టారో ఎక్కడా చెప్పకపోవడం మొదటిది. శ్రీకాకుళానికీ అనంతపురానికీ సూర్యోదయంలో ఇరవై నుంచి ముప్పై నిమిషాల తేడా ఉంటుంది. రాహుకాలాన్ని మాత్రం సూర్యుడు రోజూ ఆరింటికే ఉదయిస్తాడన్నట్టు సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది అని ఏడాది పొడవునా ఒకే తీరుగా ముద్రించారు. దీపావళి విషయంలోనూ ఒక వాక్యం వివరణ ఉండవలసింది. అమావాస్య అక్టోబరు 20 మధ్యాహ్నం మూడు దాటాక మొదలై 21 సాయంత్రం ఆరుకు కాస్త ముందు ముగిసింది. దీపాలు పెట్టే ప్రదోష వేళకు తిథి నిండుగా ఉన్నది 20నే కనుక పండుగ ఆ రోజు. ఈ సంగతి తెలియక మా వీధిలో రెండు రోజులు వాదన నడిచింది. వేళల అక్షరాలు మరీ చిన్నవి, అమ్మ భూతద్దం పట్టుకుని చదువుతుంది. కాగితాల వెనక నింపిన రాశిఫలాలు మనిషిని కుదుటపరచడానికి బదులు బెదరగొట్టేలా ఉన్నాయి, వాటిని చదవడం ఫిబ్రవరిలోనే మానేశాను. ఆగస్టుకల్లా తగరపు పట్టీ ఊడిపోతే దారంతో కుట్టుకున్నాం.

ఇన్ని చెప్పి కూడా 2026కు అదే దుకాణంలో అదే రకం కొన్నాను. ఇంటికి తెచ్చీ తేగానే అమ్మ జనవరిని వదిలేసి మే కాగితం తిప్పింది, ఎందుకంటే మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం, అంటే శుభకార్యాలు పెట్టుకోని అదనపు నెల వచ్చింది, ఆ నెల రోజుల్లో పెళ్లి పిలుపులేవీ ఉండవు. “హమ్మయ్య, ఈసారి ఆ రెండు ఏకాదశులూ తప్పవులే,” అని, పాత క్యాలెండర్‌లోంచి చివరి ‘బం’ తేదీని చూసి కొత్తదాని అంచున ఎక్కించుకుంది.